డాక్ గేటు ముందు మోగిన గంట

సరంగు ఓడను ఒడ్డుకు చేరిస్తే, నిద్రపోతున్న పసిబిడ్డను మంచం మీద పడుకోబెట్టినట్టు ఉంటుందని రేవుల్లో చెప్పుకునేవారు. ఇన్నేళ్ళలో ఏ రేవు గోడకూ ఆయన గీత పడనివ్వలేదు. అలాంటి మనిషిని ఏరికోరి పిలిచి, శత్రువుల రేవులోని డాక్ గేటును ఓడతో గుద్దేయమన్నారు. పైవాళ్ళకు సరసం కాస్త ఎక్కువే.

శత్రువుల పెద్ద యుద్ధనౌక దెబ్బతింటే బాగుచేయగల డాక్ ఆ తీరం మొత్తానికీ అదొక్కటే. సముద్రపు నీళ్ళు లోపలికి రాకుండా ఆపే దాని గేటు పగిలితే ఆ నౌక సముద్రంలోకి రావడానికి జంకుతుంది. అందుకని ఒక ముసలి సరుకుల ఓడ ముందుభాగంలో పేలుడు మందు కూరి, శత్రువుల రంగులు పూసి, కమాండోలను ఎక్కించారు. గుద్దాక అందరూ వెంట వచ్చే మోటారు పడవల్లోకి దూకాలి. మందు ఆ తర్వాత పేలుతుంది.

ఇంజను గదిలో సరంగు బావమరిది ఉన్నాడు. వద్దంటే వినలేదు. బయలుదేరేటప్పుడు సరంగు భార్య, "మా తమ్ముడు లేకుండా ఈ గడప తొక్కొద్దు" అంది. నవ్వుతూ అన్న మాట కాదు. అందుకే సరంగు కమాండో నాయకుణ్ణి బతిమాలి ఒక ఏర్పాటు చేయించాడు. మొదటి ఫిరంగి పేలగానే బావమరిది పైకి వచ్చేయాలి, ఇంజను పని నేర్చిన సైనికుడొకడు అతని చోట నిలబడాలి. ఆ సైనికుడికీ ఒక అక్క ఉండే ఉంటుందని సరంగుకు తోచకపోలేదు. తోచినా నోరు మెదపలేదు.

తెల్లవారుతుండగా పోటునీటి మీద రేవులోకి దూరారు. పూసిన రంగులు కొంతదూరం కాపాడాయి. తర్వాత ఒడ్డున ఎవడికో అనుమానం వచ్చి, రెండు వైపులా ఫిరంగులు అందుకున్నాయి. చుక్కాని గది అద్దాలు పగిలి సరంగు చెవి తెగింది. చావో రేవో అంటారు కదా, ఆ ఉదయం రెండూ ఒకేచోట ఉన్నాయి. సరంగు పళ్ళు బిగించి చక్రం పట్టుకున్నాడు.

పొగ విడిపోయి గేటు ఎదురుగా కనబడింది. ఎవరూ అడక్కుండానే సరంగు కుడిచెయ్యి పక్కనున్న మీట లాగింది. వేగం తగ్గించమని కింద ఇంజను గదిలో గంట మోగింది. గేటు కనబడితే ఆ గంట కొట్టడం ఆ చేతికి జీవితకాలపు అలవాటు.

సరంగు మీటను మళ్ళీ ముందుకు తోయబోతే, అంతలోనే గుండు తగిలి అది విరిగిపడింది. వేగం తగ్గితే ఓడ గేటును ముద్దాడి ఆగిపోతుంది. ఇంతమంది ప్రాణాలకు తెగించి వచ్చిందంతా తన చేతి మూలంగా వృథా అవుతుంది.

కానీ వేగం తగ్గలేదు. ఓడ గేటును చీల్చుకుని ఇరుక్కుపోయింది.

సరంగు డెక్ మీదకు పరుగెత్తాడు. ఇంజను సైనికుడు అక్కడే ఉన్నాడు, బావమరిది లేడు. అడిగితే, ఆయనే తనను పైకి తరిమేశాడని ఆ సైనికుడు చెప్పాడు. సరంగు మెట్లు దిగబోతుండగా, ఆవిరికి కాలిన చేతులు ఎత్తి పట్టుకుని బావమరిదే ఎక్కి వచ్చాడు.

అందరూ మోటారు పడవల్లోకి దూకి రేవు దాటారు.

"గంట వినబడలేదా?" అన్నాడు సరంగు.

"వినబడింది."

"మరి తగ్గించలేదేం?"

"నువ్వు మోగిస్తావని నాకు ముందే తెలుసు బావా. ఆ సైనికుడికి తెలీదుగా. మోగితే తగ్గించేస్తాడు. అందుకే ఉండిపోయా."

వెనక రేవులో మందు పేలింది. పడవలో అందరూ లేచి వెనక్కి తిరిగి చూశారు. సరంగు చూడలేదు. చొక్కా చింపి బావమరిది చేతులకు కట్టు కడుతున్నాడు. కళ్ళు మసకబారి ముడి కుదరక మళ్ళీ మళ్ళీ వేస్తున్నాడు.