వంటింటి గడప దగ్గర ముగింపు దెబ్బ

దొక్‌సిమ్ జేగంట ఎత్తితే ఊరి మేళం మొదలవుతుంది. ఆమె ముగింపు దెబ్బ కొట్టేదాకా డోలు వాయించేవాళ్లెవరూ చెయ్యి దించరు. అత్తగారి చేతినుంచి ఆ జేగంట ఆమెకు వచ్చి పందొమ్మిదేళ్లయింది.

ఏటా తొలి పున్నమికి మేళం ఇంటింటికీ తిరుగుతుంది. ముందు వాకిలి, తర్వాత బావి, చివరికి వంటింటి గడప. గడప దగ్గర వాయిస్తూ ఉంటే ఇంటి ఆడమనిషి నీళ్లు తెచ్చి అక్కడ పెడుతుంది. అప్పుడే ముగింపు దెబ్బ. ఆమె రాకముందే ముగిస్తే ఆ పొయ్యికి దిక్కులేదని చాటినట్టు. ఇల్లాలు పోయిన ఇంట్లోనే అలా చేస్తారు.

ఇన్నాళ్లూ జిల్లా కార్యాలయం ప్రతి ఊరి మేళానికీ ఎంతో కొంత సాయం చేసేది. సాధనకు పాత ధాన్యం గిడ్డంగి కూడా ఇచ్చింది. ఈ ఏడు పద్ధతి మారింది. ఆకురాలే కాలపు ఉత్సవంలో, వేదిక మీద, పన్నెండు నిమిషాలు వాయించాలి. నెగ్గిన నాలుగు మేళాలకే సాయం. తక్కినవాళ్లు గిడ్డంగులు ఖాళీ చెయ్యాలి.

"కత్తెరతో కత్తిరించడానికి ఇదేమన్నా నూడుల్సా వదినా? పన్నెండు నిమిషాలకి బావి దగ్గరికే చేరతాం" అన్నాడు పెద్ద డోలు వాయించే మరిది మన్‌సొక్.

"అయితే బావి తగ్గిద్దాం. గిడ్డంగి పోతే ఎక్కడ వాయిస్తావు, నీ పందుల దొడ్లోనా?"

"అవే నయం. మార్కులు వెయ్యవు."

నెల రోజులు గడియారం ఎదురుగా పెట్టుకుని సాధన చేశారు. సరిగ్గా గడప దగ్గర వాయించే వరుస సాగుతుండగా మన్‌సొక్ భార్య యన్‌హ్వా అందరికీ బార్లీ టీ పట్టుకొచ్చేది. దొక్‌సిమ్ ముగింపు దెబ్బ కొట్టేది. గడియారం చూస్తే పదకొండున్నర నిమిషాలు. ఒక్కరోజూ తప్పలేదు. యన్‌హ్వా తెచ్చే టీ గిన్నెలను చూసి తన చెయ్యి ఆగుతోందన్న సంగతి దొక్‌సిమ్‌కే కాదు, ఎవరికీ తట్టలేదు.

ఉత్సవం రోజు మధ్యాహ్నం వేదికెక్కారు. వాకిలి బాగా సాగింది. బావి ఇంకా బాగా సాగింది. గడప వరుసలోకి వచ్చాక దొక్‌సిమ్ ఒక చుట్టు వాయించింది, రెండో చుట్టు వాయించింది. ఎదురుగా నున్నటి చెక్కనేల తప్ప ఏమీ లేదు. చెయ్యి ఆగలేదు. ఇంకో చుట్టు ఎత్తుకుంది.

పన్నెండు నిమిషాలూ అయిపోయాయని న్యాయనిర్ణేతల బల్ల మీద ఎర్రదీపం వెలిగింది.

"వదినా, ఆపు" అన్నాడు మన్‌సొక్ పళ్లు బిగించి.

ఆపాలనే ఉంది ఆమెకు. కానీ ఆ దెబ్బ కొట్టాల్సిన చోటికి రాగానే ఎవరో చచ్చిపోయిన ఇంట్లో నిలబడ్డట్టు మణికట్టు బిగుసుకుపోతోంది.

కింద మూడో వరసలో జాంగ్‌సన్ పెద్దమ్మ లేచింది. ఎనభై నాలుగేళ్ల మనిషి. పుట్టింటి ఊరి పేరే ఆమె పేరైపోయింది. పున్నమినాడు మేళం మొదట తొక్కేది ఆమె వాకిలే. చేతిలో మంచినీళ్ల సీసాతో, కుర్చీలు పట్టుకుంటూ వేదిక మెట్ల వైపు నడిచింది. మెట్ల దగ్గర మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"వాయించేవాళ్లే ఎక్కాలి బామ్మగారూ."

"నాకోసమే వాయిస్తున్నారే పిల్లా. నన్ను పోనీ."

దొక్‌సిమ్ అంతా చూస్తూనే ఉంది. పక్కన తర్వాతి మేళం డోళ్లు భుజాలకెత్తుకుని నిలబడింది. దీపం ఆరి వెలిగి ఆరి వెలుగుతోంది. పెద్దమ్మ ఆ అమ్మాయి చేతికింద నుంచి దూరబోతుండగా, దొక్‌సిమ్ కళ్లు మూసుకుని ముగింపు దెబ్బ కొట్టింది.

పదహారు నిమిషాలయింది.

దిగాక జిల్లా అధికారిణి మెల్లగా దగ్గరికొచ్చింది. "అందరికన్నా మీరే బాగా వాయించారండీ. ఎక్కడో ఒకచోట ఆపేసి ఉంటే సరిపోయేది."

"అవునండీ" అంది దొక్‌సిమ్.

తిరుగుదారిలో అందరూ బస్సెక్కారు. గిడ్డంగిలో సామాను ఎవరింట్లో పెట్టాలో మన్‌సొక్ వేళ్లు మడిచి లెక్కపెడుతూ గొణుక్కుంటున్నాడు. పెద్దమ్మ వచ్చి దొక్‌సిమ్ పక్కన కూర్చుంది.

"నేను వస్తూనే ఉన్నా కదే. కనపళ్లేదా?"

"కనపడ్డావు పెద్దమ్మా."

"మరి?"

దొక్‌సిమ్ ఒళ్లో ఉన్న జేగంట అంచు తడిమింది. గిడ్డంగి పేరు చెబుదామనుకుంది, గడియారం పేరు చెబుదామనుకుంది.

"వచ్చే తొలి పున్నమికి మా ఇంటికి రాకండి" అంది పెద్దమ్మ, కోపం లేకుండా. "ఇవాళే ముగింపు దెబ్బ పడిపోయిందిగా, మా పొయ్యికి."

సీసా మూత తీసి, ఆ నీళ్లు తనే తాగి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.