కుడి భుజం

మా నాన్న టైలరు. మనిషి నోరు విప్పకముందే టేపుతో గుణం కొలిచేసేవాడు. మెడ ముందుకు వాలితే పిరికి, మడమల మీద బరువేసి నిలబడితే పొగరు, కుడి భుజం జారితే నమ్మకద్రోహి. ఆ జారిన భుజమే అన్నయ్య కొంప ముంచింది.

షాపులో అన్నాచెల్లెళ్లం ఇద్దరం పని నేర్చుకునే రోజుల్లో ఒకాయన పెళ్లి సూటు గుడ్డ అడ్డదిడ్డంగా తెగింది. ఎవరు కత్తిరించారని నాన్న అడగనే లేదు. అన్నయ్య భుజం వైపు చూశాడు. "తప్పు చేసి దాచేవాడి వాలకం ఇదే. పో" అన్నాడు. అన్నయ్య ఒక్కసారి నాకేసి చూసి గడప దాటాడు. ముప్పయ్యేళ్లయింది, మళ్లీ ఆచూకీ లేదు.

ఇప్పుడు షాపు నాది. నాన్న తన కోటు తనే కుట్టుకునేవాడు, ఒంటి మీద ఎవరినీ టేపు వేయనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక ఆ కోటు బొమ్మకు తొడిగి మూల నిలబెట్టాను. దాని వైపు వీపు పెట్టి కుట్టాలంటే నాకు ఈనాటికీ భయమే.

నిన్న మా అమ్మాయి తను చేసుకోబోయే అబ్బాయిని పెళ్లి కోటుకు తీసుకొచ్చింది. ఛాతీ, నడుము అచ్చం నాన్న కోటు సైజే. కుడి భుజం మాత్రం అరంగుళం కింద.

"ఈ పెళ్లి వద్దు" అన్నాను. గొంతు నాదే, మాట నాన్నది.

"మావయ్యనీ తాతయ్య ఇలాగేగా తరిమాడు?" అంది అమ్మాయి.

"ఒళ్లు అబద్ధం చెప్పదే. నిఖార్సయిన మనిషి కోటు ఇతని మీద ఎలా వేలాడుతుందో చూడు" అని నాన్న కోటు తీసి అతనికి తొడిగాను. ఒక్క ముడత పడలేదు. అతనికే కుట్టినట్టు కూర్చుంది.

వెంటనే విప్పించి లైనింగు ఊడదీశాను. కుడి భుజం కింద, ఎత్తుగా కనబడేలా, కాన్వాసు గుడ్డ రెండు మడతలు ఎక్కువ వేసి ఉంది. నాన్న చేతి కుట్టే. ఎడమ వైపు ఏమీ లేదు. బతికినన్నాళ్లూ తన భుజం దాచుకుని, అదే భుజం ఉన్నందుకు కొడుకుని వెళ్లగొట్టాడు.

"ఏమైందమ్మా?"

"ఆ రోజు గుడ్డ పాడుచేసింది మీ మావయ్య కాదు. నేను. అన్నయ్యకి తెలుసు, అయినా చెప్పలేదు."

ఆ మాట పైకి అనడం ఇదే మొదటిసారి. అమ్మాయి నా చేతిలోంచి కోటు తీసుకుంది. నేను అద్దం ముందుకెళ్లి నిలబడ్డాను. నా భుజాలు రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా సమంగా ఉన్నాయి.