ఖాళీ ఛానల్

తమిళనాడులో, పుదూరు దగ్గరి మా ఊళ్లో, ఇంట్లో కూర్చుని, గాలిలో ఎవరూ వాడని ఛానల్‌ను తనే వెతుక్కుని మాట పంపే నా రేడియోను పరీక్షిస్తున్నాను. "ఖాళీ" అని పచ్చదీపం వెలిగింది.

ఇక ఏదో ఒకటి మాట్లాడాలి. కోవిల్‌పట్టి కాలేజీలో ఎవరికీ అర్థం కాకూడదంటే తెలుగులో మాట్లాడతాను. ఆ పాడు అలవాటుతోనే, "మా మామ పాడితే గాడిద గూడా ఊరిడిసి పోతాది" అనేశాను.

పెరుమాళ్ గుడి స్పీకర్‌లో నా గొంతు ఊరంతా మోగింది!

గుడికి పరుగెత్తాను. భజన పాడుతున్న మామ నీళ్లు తాగడానికి కార్డ్‌లెస్ మైకు ఆపాడట. ఆ కాసేపటికే నా దిక్కుమాలిన యంత్రం ఆ మైకు ఛానల్‌ను ఖాళీ అనుకుని అందులో దూరింది. అక్కడున్నదంతా మావాళ్లే, అందరిదీ తెలుగే. నోరు తెరిచి నన్నే చూస్తున్నారు.

మామ మైకు నా చేతిలో పెట్టాడు.

"ఇంద పాపా, నువ్వు పాడు. గాడిద ఉంటాదా, పోతాదా చూస్తాము."