వంతెన కింద ఆసుపత్రి

"నాన్నా, అమ్మ నిన్నే అడుగుతోంది, త్వరగా రా" అని ఆసుపత్రి నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. మనవరాలు కారు తీసింది. దానికి డ్రైవింగు కొత్త. నేను లారీ నడిపినవాణ్ణే గానీ, ఇప్పుడు నా కళ్లు ఆనట్లేదు.

ఎడమ లైనులో పోతే వంతెన కిందనుంచి నేరుగా ఆసుపత్రికే. ఇది కంగారులో కుడి లైను పట్టింది. చూసుకునేసరికి వంతెన ఎదురుగా ఉంది.

"తాతయ్యా, ఎడమకి తిప్పేస్తా!"

"పిచ్చి వేషాలెయ్యకు. పక్కన బస్సుంది. పట్టిన లైనులోనే పో."

"మరి అమ్మమ్మో?"

"నేను లారీ మీద పోతే వారాల తరబడి ఎదురుచూసిన మనిషే. ఒక్క చుట్టు ఆగలేదా?"

పైకెక్కాం. ఆసుపత్రి కింద కనపడుతూనే ఉంది, మేం దాన్ని దాటుకుంటూ పోయాం. చుట్టు తిరిగి వచ్చేసరికి మా అమ్మాయి గుమ్మంలోనే ఏడుస్తోంది.

"ఇప్పటిదాకా తలుపు వైపే చూసింది, నాన్నా."

శ్మశానంలో అన్నీ ముగించుకుని ఇంటికి బయల్దేరాక, మనవరాలు మొదట్నుంచీ ఎడమ లైను వదల్లేదు. మా ఇల్లు కుడివైపు. మలుపు దాటిపోయింది. పోనీలే అన్నాను. ఇంట్లో మాత్రం ఎవరున్నారు?