పేరు నిలవని పైసా

షామ్‌బర్గ్‌లో డాక్టర్ మల్లికార్జునరావు గారింటి బేస్‌మెంట్‌లో దేదీప్యకి రోజూ ఒకటే పని. కాటన్ గ్లవ్స్ తొడుక్కుని, ఆయన పోగేసిన పాత సిక్కు రాజ్యపు రాగి పైసాలు ఒక్కోటీ తీసి, తూచి, చదివి, రాసుకోవడం. ఆ పైసాలుండే సొరుగులో డాక్టరుగారి విజిటింగ్ కార్డులు పెడితే మధ్యాహ్నానికల్లా వాటిమీద ఆయన పేరు మాయం. "మళ్లీ తుడిచేశాయా? పోన్లే, సరుకుల లిస్టుకి పనికొస్తాయి," అని ఆయన భార్య శారద పట్టుకెళ్లేది. అంతకుమించి ఆ ఇంట్లో దాన్ని గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆ పైసాల మీద దేదీప్య రెండేళ్లు కూర్చుని రాసిన పుస్తకానికి చివరికి అట్ట ప్రూఫ్ వచ్చింది. రచయిత: డాక్టర్ మల్లికార్జునరావు!

దేదీప్యకి ఒళ్లు మండిపోయింది. యూనివర్సిటీ మ్యూజియం వాళ్లు జాబ్ ఇస్తామన్నదే ఈ పుస్తకాన్ని నమ్మి. అట్టమీద తన పేరు లేకపోతే జాబ్ లేదు, జాబ్ లేకపోతే వీసా లేదు.

"అంకుల్, ఇది నేను రాశాను."

"కాయిన్స్ నావి, ఖర్చు నాది. లోపల నీకు థాంక్స్ చెప్పాం కదమ్మా!"

"రాసిందాన్ని నేనైతే నాకు థాంక్స్ ఏంటండీ?" ఒక పైసా తీసి ఆయన ముందు పెట్టింది. "చూడండి. ఒకవైపు ఆకు, రెండోవైపు గురుముఖి లిపిలో గురునానక్ పేరు. పంజాబ్‌నంతా ఏలిన రంజిత్ సింగ్ పేరు ఎక్కడైనా ఉందా? రాజ్యం గురువుదే తప్ప నాది కాదన్న మాటని, కూరగాయలు కొనుక్కునేవాళ్ల చేతుల్లో కూడా పెట్టాడాయన. మీరు ఒక్క అట్ట దగ్గర తగ్గలేరా?"

ఆ పైసాని తీసుకెళ్లి ప్రూఫ్ మీద పెట్టేసింది. చూస్తుండగానే ఆయన పేరు పలచబడి మాయమైంది. డాక్టరుగారు పెన్ను తీసి మళ్లీ రాశారు. పోయింది. పెద్దక్షరాల్లో రాశారు. అదీ పోయింది.

"నీదీ రాయి చూద్దాం! నీది మాత్రం ఉంటుందా?"

దేదీప్య పెన్ను అందుకుంది. తన పేరు కూడా పోతే ఇక చెప్పుకోడానికి ఏమీ మిగలదు.

"పోతే పోనివ్వండి. మీది మాత్రం ఉండనివ్వను," అంటూ తన పేరు రాసింది. పైసాని సరిగ్గా దానిమీదే పెట్టింది.

టీ పట్టుకొచ్చిన శారద కూడా కప్పులు చేతుల్లోనే పట్టుకుని నిలబడిపోయింది. అక్షరాలు కదల్లేదు. డాక్టరుగారు వేలు తడిచేసి రుద్దారు, అయినా చెదరలేదు.

"ఇంక చాల్లెండి, టీ తాగండి," అంది శారద.

దేదీప్య ఫోన్‌తో ఆ అట్టని ఫొటో తీసి ప్రెస్‌కి పంపేసింది. ఆయన్ని అడగలేదు.