నది అవతలి జట్టుకు శవయాత్ర

మా ఊళ్లో శవపేటికలు చేసేదీ, మనుషుల్ని సాగనంపేదీ నేనే, ష్రోడర్‌ని. అందుకే నన్ను చూస్తే జనం గొంతు తగ్గిస్తారు. మంగలి షాపులో నేను అడుగుపెట్టగానే కబుర్లు ఆగిపోతాయి. ఏడాదికి ఒక్కరోజు మాత్రం అలా కాదు. నది అవతలి కాలేజీతో మా కాలేజీకి ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగే శనివారం పొద్దున, వాళ్ల జెర్సీ తొడిగిన గడ్డిబొమ్మను నా పేటికలో పెట్టి, బ్యాండుతో స్టేడియం దాకా ఊరేగిస్తాం. పొడుగు టోపీతో ముందు నడిచేది నేను. ఇరవై రెండేళ్లుగా ఊరు నన్ను చూసి పడీపడీ నవ్వే రోజు అదొక్కటే.

1957 సెప్టెంబరులో మా ఆవిడ లొరెట్టా పోయింది. అందరికీ చేసే పనే తనకీ చేశాను. ఏడుపు రాలేదు. పనిలో ఏడవకపోవడం ఒంటికి పట్టేసిన అలవాటు.

మ్యాచ్ వారంలో విద్యార్థి సంఘం అమ్మాయి మార్లీన్ వచ్చి, ఈసారి ఊరేగింపు మానేద్దామనుకుంటున్నామని నసిగింది. నాకు ఒళ్లు మండింది. పేటిక సిద్ధంగా ఉంది, వెళ్లి బొమ్మ కుట్టుకోమన్నాను.

శనివారం నడిచాను. బ్యాండు వాయిస్తూనే ఉంది, ఒక్కరూ నవ్వలేదు. నిజం శవయాత్రకు చేసినట్టు దారి పొడవునా మగవాళ్లు టోపీలు తీసి గుండెకు ఆనించుకున్నారు. కాళ్లు ఈడ్చుకుంటూ నడిచాను. ఆ ఒక్కరోజు కూడా పోయింది, ఇక ఎప్పటికీ నేను చావు మనిషినే అనిపించింది.

వంతెన దగ్గర అవతలి కాలేజీ వాళ్లుంటారు. పేటిక మీద కుళ్లిన యాపిల్స్ విసరడం వాళ్ల హక్కు. ఆరోజు వాళ్లూ తలలు దించుకున్నారు. వాళ్లలో లొరెట్టా తమ్ముడు క్లెటస్ ఉన్నాడు, ఆ కాలేజీ స్వెట్టరు వేసుకుని.

నేను ఆగి, "ఏరా, ఏం చూస్తున్నావ్? విసురు" అన్నాను.

"నావల్ల కాదు బావా."

"మీ అక్కయితే నీ చేతిలో యాపిల్ లాక్కుని తనే కొట్టేది. నీకూ చేతకాదు, మీ జట్టుకీ చేతకాదు. ఇంటికి పో."

వాడు పళ్లు బిగించి విసిరాడు. నా టోపీ ఎగిరిపోయింది. కుళ్లు రసం ముక్కు మీంచి కారింది. ఎవరో ఫక్కున నవ్వారు, తర్వాత వీధంతా నవ్వింది.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. నడిరోడ్డు మీద వెక్కివెక్కి ఏడ్చాను. ఈ ఏడాది ష్రోడర్ నటన అదిరిపోయిందంటూ జనం చప్పట్లు కొట్టారు. క్లెటస్ ఒక్కడే నవ్వలేదు. వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఆ స్వెట్టరుతోనే, తన జట్టు శవపేటిక ముందు స్టేడియం దాకా నడిచాడు.