నానాగోత్రాల కార్లు

డాక్టరుకైనా పురోహితుడికైనా చదువు ఎంతుందని మా సీమలో ఎవరూ అడగరు. హస్తవాసి ఎట్లాంటిదని అడుగుతారు. కార్ల విషయంలో ప్రొద్దుటూరు రామచంద్రయ్య హస్తవాసికి తిరుగులేదని పేరు. ఆయన నిమ్మకాయలు పెట్టించిన బండికి గీత పడదని, ఆయన గుమ్మడికాయ కొట్టిన బండిని చూసి ఇసుక లారీలు కూడా పక్కకు తప్పుకుంటాయని జనం చెప్పుకునేవారు. ఈ ప్రచారంలో రామచంద్రయ్య చేసుకున్నది కొంత, జమ్మలమడుగు రోడ్డులోని కార్ల షోరూం వాళ్లు చేసింది కొంత. మిగతాది జనమే పుణ్యానికి చేసిపెట్టారు.

పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు తగ్గినా ఆయనకు దిగులు లేకపోయింది. పెళ్లి ఒక్కసారే చేసుకుంటారు, కార్లయితే మారుస్తూనే ఉంటారు. షోరూం ఆవరణలో గోడ పక్కన ఆయనకొక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. దాని మీద తువ్వాలు పరిచి ఉండేది. ఆయన లేని రోజుల్లో కూడా ఆ కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. మఠాధిపతులకు పీఠం ఎట్లాగో రామచంద్రయ్యకు ఆ కుర్చీ అట్లాగ.

ఆ పీఠం మే నెలలో, ఎండలు మండిపోతున్న ఒక ఉదయం కదిలింది. జమ్మలమడుగు నుంచి ఓబుళరెడ్డి ఫోన్ చేశాడు. శనగ, పత్తి పండించే పెద్ద రైతు. పోయిన దసరాకు కొత్త కారు కొని రామచంద్రయ్య చేతనే పూజ చేయించుకున్నాడు. నోట్లోంచి మాట రావడమే రాయి పడ్డట్టు వస్తుంది.

"ఏం పూజ చేస్తివి స్వామీ నువ్వు? కంపెనీవాళ్లు నా కారు ఎనక్కి పిలుస్తాండారు!"

"ఎనక్కి పిల్చేదేంది రెడ్డీ? అదేమన్నా ఆడపిల్లనా, పుట్టింటికి పిల్చుకుపోయేదానికి?"

"ఎగతాళి కాదప్పా. ముందర గాలిసంచి, అదే ఎయిర్‌బ్యాగు, ఉంటాది గదా, గుద్దుకున్నప్పుడు అది తెరుచుకోదంట. ఏదో చిన్న సామాను తప్పు పడిందంట. దేశమంతా పిలుస్తాండారంట. దేశం సంగతి నాకెందుకు? మనకాడ చూస్తే నువ్వు దసరానాడు పూజ చేసిన బండ్లన్నీ దాంట్లోనే ఉండాయి. ఆ పక్క షోరూం పూజారి విష్ణుతేజ పూజ చేసిన బండ్లు ఒగటి గూడా లేవు."

"అది వేరే కంపెనీ రెడ్డీ."

"కంపెనీ వేరే అయితే ఏంది, దేవుడొగడే గదా!"

దీనికి శాస్త్రంలో జవాబు ఉందో లేదో వెతుక్కునే వ్యవధి రెడ్డి ఇవ్వలేదు. ఓబుళరెడ్డి అసలు దెబ్బ చివరికి దాచిపెట్టుకున్నాడు.

"ఆ పొద్దే చెప్తి, మా గోత్రం చెప్పు స్వామీ అని. వింటివా?" అని ఫోన్ పెట్టేశాడు.

రామచంద్రయ్య వినని మాట నిజమే. ఆ విజయదశమినాడు షోరూం ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. ఇంకోపక్క పులివెందులలో గృహప్రవేశం ఒప్పుకుని ఉన్నాడు. వాళ్లు పంపిన కారు గేటు దగ్గర ఆగకుండా హారన్ కొడుతోంది. ఒక్కొక్క కారుకూ సంకల్పం చెప్పి, యజమాని గోత్రమూ ఇంటిల్లిపాది పేర్లూ చదివితే సాయంత్రమవుతుంది. అందుకని గుడిలో జాతర రద్దీకి చెప్పినట్టు "నానాగోత్రోద్భవానాం, నానానామధేయానాం" అని అందరినీ ఒక్క గంపకింద కమ్మేశాడు. ఓబుళరెడ్డి అడ్డం వస్తే "నానాగోత్రాల్లో నీది గూడా ఉంటాదిలే రెడ్డీ, దేవునికి తెలీదా?" అన్నాడు. ప్రతి ఒక్కరూ తెచ్చిన బూడిద గుమ్మడికాయల్లోంచి ఒక్కటి తీసి, అన్ని కార్లకూ దూరం నుంచే చూపించి, ఒక్క దెబ్బకు నేలకేసి కొట్టి పులివెందుల కారెక్కాడు.

మిగిలిన గుమ్మడికాయలు ఆటోలో ఇంటికి చేరాయి. భార్య వేదవతి వాటిని తరిగి, మినప్పిండిలో కలిపి, మిద్దె మీద ఆరబెట్టి డబ్బాల నిండా వడియాలు పోసింది.

ఆ మధ్యాహ్నం అన్నంలోకి ఆ వడియాలే వేయించింది. రామచంద్రయ్య ఒకటి చేతిలోకి తీసుకున్నాడు, చూశాడు, మళ్లీ ఆకులో పెట్టేశాడు.

"ఏం, మాడినాయా?" అంది వేదవతి.

"ఇవి దసరా గుమ్మడికాయలేనా?"

"కాకపోతే? ఇన్నాళ్లూ కరకరా నమిలితిరి, ఈ పొద్దు గుర్తొచ్చిందా?" విషయం విన్నాక ఆమె నవ్వాపుకోలేకపోయింది. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మీరు వడియాలు తడుముకుంటాండారు!"

ఆయనకు నవ్వు రాలేదు. ఏదైనా ఒక బండి గుద్దుకుని, ఆ సంచి తెరుచుకోక, ఎవరి ప్రాణమైనా పోయి ఉంటే? ఆ ప్రాణానికి తన చేత గోత్రం కూడా చెప్పించుకునే భాగ్యం లేకపోయెనే అనిపించి ఆకు పక్కకు జరిపేశాడు. అయితే మనిషి మనసు ఒక్క దిగులుతో ఊరుకోదు కదా. పేరు పోతే షోరూం పోతుంది, షోరూం పోతే ఈ వయసులో కొత్తగా హస్తవాసి యాడ సంపాదించేది అనే దిగులు కూడా వెంటనే వచ్చి పక్కన కూర్చుంది.

మరునాడు షోరూంకు పోతే కుర్చీలో ఎవరో డ్రైవరు కాళ్లు చాపుకుని సెల్‌ఫోన్ చూస్తున్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. రామచంద్రయ్య లోకం అక్కడే సగం కూలిపోయింది. తిన్నగా సర్వీసు మేనేజరు దీప్తి గదిలోకి పోయాడు. ముప్పై దాటని పిల్ల, మాట నెమ్మది, లెక్క పక్కా.

"నిజం చెప్పమ్మా. మీ ఓనరు ఆ విష్ణుతేజను పిలిపిస్తాండాడా?"

"అనుకుంటా ఉండారు స్వామీ. జనం అడుగుతాండారంట. మీరేం బాధపడొద్దు, ఆ లోపం ఫ్యాక్టరీలోనే వచ్చింది. మీరు పూజ చేసేనాటికే ఉండాది."

రామచంద్రయ్యకు ప్రాణం లేచి వచ్చింది. గుమ్మం దాకా పోయాడో లేదో అనుమానం వచ్చి వెనక్కి తిరిగాడు.

"అంటే లోపం ఉండంగనే నేను పూజ చేస్తినన్నమాట. పూజ చేసినా అది పోలేదన్నమాట!"

పూజ తర్వాత లోపం వచ్చిందంటే ఆయన తప్పు. ముందే ఉందంటే ఆయన పూజకు పస లేదు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు పాపం. దీప్తి కంప్యూటరు పక్కకు జరిపి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"స్వామీ, ఆ సంచి పని చేస్తుందో లేదో గుద్దుకుంటేగానీ తెలీదు. ఇన్ని నెలలూ ఈ బండ్లన్నీ మన రోడ్ల మీదనే తిరిగినాయి. ఒకటైనా గుద్దుకునిందా? లేదు. మీ హస్తవాసికి ఇంతకంటే ఏం కావాల?"

ఎంత మంచి మాట! దీన్ని పట్టుకుని ఊరంతా తిరిగితే విష్ణుతేజ ఇంకో పదేళ్లు ఆ పక్క షోరూంలోనే ఉండాలి. రామచంద్రయ్య నోరు తెరిచాడు కూడా. అంతలో వేదవతి మిద్దె మీద ఎండబెట్టిన వడియాలు కళ్ల ముందు వరుసగా కనపడ్డాయి.

"మీ కంపెనీ అంత పెద్దది గదమ్మా. మాది తప్పు, బండి తీసుకరాండి అని ఊరందరికీ చెప్పుకునేదానికి సిగ్గు కాలేదా?"

"చెప్పకుండా దాచిపెడితే ఇంకా సిగ్గు గదా స్వామీ."

ఆయన కాసేపు తువ్వాలు లేని తన భుజం సర్దుకున్నాడు. "అయితే నేను గూడా ఎనక్కి పిలుస్తా," అన్నాడు. "దసరానాడు పూజ చేసిన బండ్లన్నీ, మీరు సామాను మార్చినంక, మల్లా నాకాడికి రావాల. ఎవరి గోత్రం వాళ్లకి, ఎవరి గుమ్మడికాయ వాళ్లకి. గుమ్మడికాయలు నావి. దక్షిణ మాట ఎత్తొద్దు."

పూజను వెనక్కి పిలవడం ప్రొద్దుటూరు చరిత్రలోనే లేదు. బంగారం అంగళ్లకు పేరుమోసిన ఆ ఊళ్లో, నగలో రాగి కలిపినవాడు కూడా ఏనాడూ నగ వెనక్కి పిలవలేదు. తమాషా చూద్దామని కొందరు, వచ్చేది ఎందుకు వదలాలని కొందరు, చెప్పినరోజుకు అందరూ వచ్చారు. ఓబుళరెడ్డి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని, చివరగా దిగాడు. అందుకని వరసలో చివర నిలబడ్డాడు.

రామచంద్రయ్య ఈసారి ఒక్క అక్షరం మింగలేదు. ఒక్కొక్కరినీ నిలబెట్టి గోత్రం, భార్య పేరు, పిల్లల పేర్లు, తలిదండ్రుల, అత్తమామల పేర్లు చదివాడు. అత్తగారి పేరు మరిచిపోయిన ఒకాయన ఫోన్ చేసి కనుక్కునేదాకా పూజ ఆపేశాడు. ఎండ నెత్తికెక్కింది. సిమెంటు నేల కాలుతోంది. చెప్పులు విడిచిన జనం ఒంటికాలి మీద కొంగల్లా నిలబడ్డారు.

"స్వామీ," అని ఓబుళరెడ్డి దీనంగా పిలిచాడు. "మిగిల్నోళ్లందరికీ కలిపి ఆ నానాగోత్రమేదో అనేయగూడదా? కాళ్లు బొబ్బలెక్కుతాండాయి."

"కుదరదు రెడ్డీ. ఆ పొద్దు అడిగితివి గదా."

"అడిగితి లేప్పా, బుద్ధి లేక!"

మొత్తానికి ఆయన వంతు వచ్చింది. గోత్రం చెప్పించుకుని, పెద్దోళ్ల పేర్లన్నీ చదివించుకుని, మనసు చల్లబడి కారెక్కాడు. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. దీప్తి కిటికీలోంచి వంగి "బెల్టు పెట్టుకోండి సార్," అంది.

"ఈ గేటు దాకా పోయేదానికి బెల్టెందుకు పాపా?"

"పెట్టుకోప్పా, పాప చెప్తాంది గదా," అని రామచంద్రయ్య గదమాయించాడు. రెడ్డి విసుక్కుంటూ పెట్టుకున్నాడు.

గేర్లు మార్చే పని లేని బండి అది. రెడ్డి కాళ్లకు చెప్పులు లేవు. అరికాలి నిండా పూజకు కొట్టిన టెంకాయల నీళ్లు. బ్రేకు మీద నుంచి జారిన కాలు పక్కనున్న యాక్సిలరేటరు మీద పడి, భయంతో ఇంకా గట్టిగా తొక్కేసింది. నిమ్మకాయలు టపటపా పేలాయి. కారు ఒక్క దూకు దూకి, రామచంద్రయ్య కుర్చీని ఎగరగొట్టి, గోడను గుద్దుకుని ఢమ్మని ఆగింది.

ఇప్పుడే పూజ ముగిసిన బండి, హారతి పళ్లెంలో కర్పూరం ఇంకా ఆరలేదు. అందరి కళ్లూ కారు మీద నుంచి రామచంద్రయ్య మీదికి తిరిగాయి. ఆయన ఆ కళ్లను చూడలేదు. హస్తవాసి మాటే ఆయనకు గుర్తు రాలేదు. పంచె ఎగగట్టి పరుగెత్తాడు, తలుపు లాగాడు.

"రెడ్డీ! ఓబుళరెడ్డీ! పలుకప్పా!" అంటూ లోపలికి తొంగి చూశాడు.

స్టీరింగు ముందు తెల్లటి సంచి ఉబ్బి, మెల్లగా గాలి పోతోంది. దాని వెనక ఓబుళరెడ్డి మొహం, మీసం అంతా విభూది పూసినట్టు తెల్లగా ఉంది. ఆయన ముక్కు తడుముకున్నాడు. ఎద తడుముకున్నాడు. అన్నీ ఉన్నాయి.

"తెరుచుకునింది స్వామీ!" అన్నాడు, బిడ్డ పుట్టిందని చెప్పినట్టు.

"మేము మార్చిన సామాను బాగా పనిచేసింది సార్," అంది దీప్తి.

"నువ్వుండు పాపా." ఓబుళరెడ్డి కారు దిగి జనం వైపు తిరిగాడు. సీమ రైతు, జనం కనపడితే పంచాయితీ చెప్పకుండా ఉండలేడు. "ఇదే గుద్దుడు ఇన్ని నెలల్లో ఎప్పుడు గుద్దినా నేను పైకి పోయేవాణ్ణి. గుద్దలేదు. సంచి బాగయినంకనే గుద్దినా. అంతవరకూ నన్ను గుద్దకుండా ఆపిందెవరు? కంపెనీనా? స్వామి!"

ఇంత బ్రహ్మాండమైన తర్కానికి ఎవరు ఎదురు చెప్తారు? జనం చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి ఆ మాట పులివెందుల చేరింది, మరునాటికి ఓనరు గోడ పక్కన కొత్త కుర్చీ వేయించాడు. ఈసారి చేతులున్న కుర్చీ.

ఇంటికొచ్చి రామచంద్రయ్య జరిగింది చెప్తే వేదవతి బుగ్గన వేలు పెట్టుకుంది. "అంటే కాపాడింది ఆ నానాగోత్రం పూజేనా? ఒక్క గుమ్మడికాయ చాలునన్నమాట. మరి ఈ ఏడు వడియాలకు కాయలొస్తాయా?"

"రావు," అన్నాడాయన. "కాపాడింది ఎవరో నాకు తెలుసు. బెల్టు పెట్టుకొమ్మని ఆ పిల్ల కిటికీకాడ వంగి చెప్పింది చూడు, అదీ మంత్రం."

అప్పటినుంచి ఆయన పూజలో ఒక కొత్త భాగం చేరింది. సంకల్పమైపోయి, గుమ్మడికాయ పగిలి, నిమ్మకాయలు పెట్టాక, యజమాని కళ్లలోకి చూస్తూ పచ్చి తెలుగులో చెప్తాడు: "కాలు తుడుచుకో. బెల్టు పెట్టుకో. బ్రేకు మీద కాలు పెట్టు. ఇంక నింపాదిగా పోనీ."

ఓబుళరెడ్డి మాత్రం జమ్మలమడుగులో కారు కొన్న ప్రతివాడికీ గట్టిగా చెప్పి పంపుతున్నాడు. "గోత్రం ఇడిచిపెట్టినా పర్వాలేదు. ఆ చివర్లో మంత్రం ఒగటుంది, అది మాత్రం చెప్పకుంటే ఊరుకోవద్దండి. బలమంతా దాంట్లోనే ఉండాది."